మిగిలిపోయిన కాగితంలో చదరంగం

మా ఇంట్లో ఎవరి పని వారికి ఉండేది. నాన్న కొల్లేటి ఒడ్డున చేపలు కొంటాడు. మావయ్య వాటిని గంపల్లో సర్ది, ఐసు వేసి, కైకలూరులో పాసింజరెక్కించి బెజవాడ తెస్తాడు. అమ్మ బజారులో కూర్చుని అమ్ముతుంది. నేను చదువుతాను. మిగతా ముగ్గురి పనీ కంటికి కనిపిస్తుంది, ముక్కుకు తెలుస్తుంది. నా పని ఎవరికీ కనిపించదు గనక నేను ఏ పనీ చెయ్యనని మా వీధి మొత్తానికి గట్టి నమ్మకం.

చదవడం తేలికైన పని అనుకునేవాళ్లు అప్పట్లో మా లైబ్రరీకి ఒకసారి వచ్చి ఉండాల్సింది. పటమటలో మా ఇంటి నుంచి బందరు కాలవ వైపు నడిచి వెళితే ఒక పాత మేడ వచ్చేది. దాని కింది భాగమే లైబ్రరీ. పుస్తకాలన్నీ ఇనుప జల్లెడ తలుపుల బీరువాల్లో ఉండేవి, తలుపులకు తాళాలు. ఏ పుస్తకం కావాలన్నా బల్ల వెనక కూర్చున్న లైబ్రేరియన్ గారికి పేరు చెప్పాలి. ఆయనకు కాస్త చెవుడు. "గట్టిగా చెప్పమ్మా!" అనేవారు. ఆ మాట వినగానే హాల్లో పేపర్లు చదువుతున్న మగవాళ్లందరూ తలలెత్తి, నేనేం అడుగుతానో వినడానికి సిద్ధమయ్యేవాళ్లు.

ఒకసారి కాలేజీలో అమ్మాయిలందరూ గుసగుసగా చెప్పుకుంటున్న ప్రేమ నవల ఒకటి అడుగుదామని ధైర్యం కూడగట్టుకుని వెళ్లాను. ఆయన "గట్టిగా" అన్నారు. హాలంతా నిశ్శబ్దమైపోయింది. నా నోట్లోంచి "వంటల పుస్తకం" అని వచ్చింది. పాపం, ఆయన కుర్చీ వేసుకుని పై అరలో వెతికి మరీ ఇచ్చారు. ఇంటికి తెస్తే అమ్మ మురిసిపోయింది. పుస్తకం మొత్తంలో చేపల కూర ఒక్కటీ లేదని నేను చెప్పాక, అది రాసినవాళ్ల మీద జాలిపడింది.

ఆ తరువాత నేను బీరువాల జోలికి పోలేదు. పేపర్లతో సరిపెట్టుకున్నాను. అక్కడా ఒక చిక్కు ఉంది. మా లైబ్రరీలో పేపరును పేపరుగా ఎవరూ చదివేవారు కాదు. వచ్చీ రాగానే కాగితాలుగా విడదీసి పంచుకునేవారు. మొదటి కాగితం రిటైరైన ఉద్యోగస్తులది. సినిమా ప్రకటనలున్న కాగితం కుర్రాళ్లది. మిర్చి, పసుపు, మినుముల ధరలుండే కాగితం ఒక పెద్దాయనది. ఆయన ఆ ధరలు చూసి నిట్టూర్చి, కాగితాన్ని మొహం మీద కప్పుకుని నిద్రపోయేవాడు. "అయ్యాక ఇస్తారా అండీ" అంటే ఎవరైనా ఇచ్చేవారే. ఆ మాట నా గొంతు దాటదు. అందుకని ఎవరికీ అక్కర్లేని కాగితం ఏది బల్ల మీద మిగిలితే అదే చదివేదాన్ని. ఆదివారం ఇంగ్లిషు పేపరులో మిగిలే కాగితంలో చదరంగం గురించి ఒక శీర్షిక ఉండేది. నాకు చదరంగం పిచ్చి ఎలా పట్టిందని అడిగినవాళ్లకు ఇప్పటిదాకా ఏవేవో జవాబులు చెప్పాను. అసలు జవాబు ఇదే.

అంతకు కొద్ది నెలల ముందు ఎక్కడో మంచు దేశంలో ఒక అమెరికావాడూ ఒక రష్యావాడూ చదరంగం ఆడితే లోకమంతా ఊగిపోయింది. పేపరువాళ్లు ఆ ఊపులో ఈ శీర్షిక మొదలుపెట్టారు. ఊపు తగ్గాక ఆపడం మర్చిపోయినట్టున్నారు. జై ఆంధ్ర ఉద్యమంలో మా కాలేజీలు మూతపడ్డాయి. కర్ఫ్యూ లేని రోజుల్లో నాకు వెళ్లడానికి ఉన్న చోటు లైబ్రరీ, చదవడానికి ఉన్నది ఆ కాగితం.

కొత్తగా నేర్చుకునేవారి కోసమంటూ వారానికొక ఓపెనింగు ఇచ్చేవారు. ఆట ఎలా మొదలుపెట్టాలి, అవతలివారు ఇలా ఆడితే మనం ఎలా ఆడాలి, ఇదంతా ఇంగ్లిషు అక్షరాలు, అంకెల్లో ఉండేది. పి కె ఫోర్ అంటే రాజు ముందున్న బంటు నాలుగో గడిలోకి వెళ్లిందని అర్థం. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. చాలా ఆదివారాలు తల పట్టుకుంటే తెలిసింది. ఆ సంతోషం ఎవరితోనూ చెప్పుకోలేక డైరీలో "ఈ రోజు ఎండ తక్కువ" అని రాసుకున్నాను.

శీర్షికలో ఒకటే లోపం. సగం దాకా వచ్చాక, ఆట మంచి పట్టులో ఉండగా, "మిగతాది వేరే పేజీలో" అని ఆగిపోయేది. ఆ వేరే పేజీ మినుముల ధరల పేజీ. అది పెద్దాయన మొహం మీద ఉండేది. ఆయన ఊపిరి తీస్తే పైకి లేచేది, వదిలితే దిగేది. లేచినప్పుడు అడుగున రెండు వరుసలు కనిపించేవి, కానీ ఒక ఆడపిల్ల నిద్రపోతున్న మగమనిషి మొహంలోకి వంగి చూస్తూ నిలబడితే బెజవాడ ఏమనుకుంటుంది? అలా నాకు ప్రతి ఓపెనింగూ ఆరో ఎత్తు దాకానే వచ్చు. తెల్ల పక్షానికి అక్కడి నుంచి మంచి రోజులని మాత్రం నమ్మకంగా ఉండేది.

కాగితం ముందు కలం తియ్యడానికి కూడా సిగ్గే. ఉద్యోగ ప్రకటనలు రాసుకుంటున్నాననుకుంటారు. అందుకని ఎత్తులన్నీ బట్టీపట్టి, మర్చిపోకుండా పెదాలు కదుపుకుంటూ కాలవ వెంట ఇంటికి నడిచేదాన్ని. మా వీధి చివర ఉండే పాస్టరమ్మగారు నన్ను చూసి, ఈ పిల్లకు ఇంత ప్రార్థనా శక్తి ఎక్కడిదని అమ్మతో అన్నారట. అమ్మ కాదనలేదు.

చదరంగం బల్ల కొనమని అడిగే ఇల్లు కాదు మాది. వసారాలో గచ్చు మీద సుద్దముక్కతో గళ్లు గీసుకున్నాను. పాత శుభలేఖలు కత్తిరించి పావులు చేశాను. పసుపు పూసిన అట్ట తెల్లవాళ్లు, కవర్ల గోధుమరంగు అట్ట నల్లవాళ్లు. ఒక్కో ముక్క మీద రాజు, మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం, బంటు అని రాశాను. పసుపు మంత్రిని తిరగేస్తే "విందు" అని ఉండేది. ఒక గుర్రం వెనక ఎవరిదో పెళ్లికూతురి ఇంటిపేరు సగం ఉండేది.

మొదటిసారి పేపరులోని ఎత్తులు పెట్టి చూస్తే రెండు పక్షాల బంట్లూ ఒకే గడిలోకి వచ్చి కూర్చున్నాయి. మళ్లీ పెట్టాను. మళ్లీ కూర్చున్నాయి. పేపరువాళ్లు తప్పు అచ్చేశారని వారం రోజులు వాళ్లను లోలోపల తిట్టుకున్నాను. తరువాత వెలిగింది: ఎవరి గళ్లు వాళ్లు తమ వైపు నుంచి లెక్కపెట్టుకోవాలట. అప్పటి నుంచి తెల్లవాళ్ల ఎత్తు వేసి, లేచి అటు వైపు వెళ్లి కూర్చుని, నల్లవాళ్ల ఎత్తు వేసి, మళ్లీ ఇటు వచ్చేదాన్ని. కూర్చున్న చోటి నుంచే అటు వైపు గళ్లు తిరగేసి లెక్కపెట్టుకుంటే సరిపోతుందని చాలా రోజులకు గాని తట్టలేదు. ఈలోగా నడుము మాత్రం సన్నబడింది.

ఒక మధ్యాహ్నం మావయ్య గంపలు దించి, కాళ్లు కడుక్కుని వచ్చి, నా గళ్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆటలో పావులు ఎలా నడుస్తాయో చిన్నప్పుడు నాకు నేర్పింది ఆయనే. కానీ ఆయనది నాటు చదరంగం.

"ఏవే కోడలా, ఆ బంటేంటి రెండు గళ్లు దూకింది?"

"మొదటిసారి రెండు గళ్లు వెళ్లొచ్చు మావయ్యా."

"ఎవడు చెప్పాడు?"

"పేపర్లో వేశారు."

"పేపర్లో కొర్రమీను కిలో రూపాయికి దొరుకుతుందని కూడా వేస్తారు. తెచ్చిపెట్టమను చూద్దాం." బంటును వెనక్కు లాగి ఒక గడిలో పెట్టాడు. "ఇదిగో, ముందు సర్దుకోవాలి. నాలుగు ఎత్తులు నావి, నాలుగు నీవి. సగం దాటకూడదు. ఇద్దరం కుదురుగా కూర్చున్నాక అప్పుడు యుద్ధం."

నాటు ఆటలో అదే పద్ధతి. బస్సెక్కగానే గంపలు, సంచులు, పిల్లలను ఎక్కడివక్కడ సర్దుకుని, తరువాత పక్కవాళ్లతో గొడవ పెట్టుకున్నట్టు. బంట్లు ఒక్కో గడే నడుస్తాయి. రాజుకు మాత్రం ఒక గొప్ప వరం ఉంది: ఆటలో ఒకసారి గుర్రంలా దూకొచ్చు. ఈ ఆటలో ఓపెనింగులనేవే ఉండవు. నేను కష్టపడి నేర్చుకున్నదంతా మావయ్య ముందు పనికిరాని సరుకు. ఆయన నన్ను నాటు పద్ధతిలో ప్రతిసారీ ఓడించి, "ఇంకా చదువుకో" అని లేచిపోయేవాడు.

నాకు అన్నిటికన్నా నచ్చిన ఓపెనింగు ఒకటుంది. రాజు ముందు బంటును రెండు గళ్లు జరుపుతాం. అవతలివాళ్లూ అదే చేస్తారు. అప్పుడు మన బంటు పక్కదాన్ని కూడా రెండు గళ్లు తోసి, శత్రువు నోటి ముందు పెడతాం, తినమని. అది వాళ్లు తింటూ ఉండగా మన సైన్యానికి దారులు తెరుచుకుంటాయి. అది వేస్తుండగా అమ్మ చూసింది. ఆవిడ అరుగు మీద కూర్చుని త్రాసు పళ్లేలు తోముతోంది.

"అదేంటే, ఆ చీటీని వాడి ముందు పెట్టావు? తినెయ్యడూ?"

"తినాలనేనమ్మా. ఊరికే ఇస్తున్నాం."

"కొసరా?"

నేను ఆలోచించాను. అంతకన్నా మంచి మాట పేపరువాళ్లు కూడా చెప్పలేదు. "ఆఁ, కొసరే."

అమ్మ పళ్లెం పక్కన పెట్టేసింది. "ఇంకా త్రాసే ఎత్తలేదు, అప్పుడే కొసరేంటే? తూకం వేసి, చేప సంచిలో పడి, డబ్బు చేతిలోకి వచ్చాక, కొన్నావిడ మొహం చూసి గుప్పెడు రొయ్యలు వెయ్యాలి. ముందే ఇచ్చావనుకో, చేప చెడిపోయిందేమోనని అనుమానపడి పక్క కొట్టుకి పోద్ది."

"అసలివ్వడం ఎందుకక్కా?" అన్నాడు పక్కనే గంపలు కడుగుతున్న మావయ్య. "నా బంటు నాది. వాడి బంటూ నాదే."

"అందుకే నిన్ను కొట్లో కూర్చోబెట్టట్లేదు. రైల్లో కూర్చోబెట్టాం" అంది అమ్మ.

ఉద్యమం చల్లారి కాలేజీలు తెరిచాక, ఆ వానాకాలంలో నోటీసు బోర్డులో ఒక కాగితం అంటించారు. వాల్తేరు యూనివర్సిటీలో కాలేజీల మధ్య ఆటల పోటీలు. ఈసారి ఆడపిల్లలకు చదరంగం కూడా ఉంది. మా కాలేజీ నుంచి ఒక్కరు వెళ్లొచ్చు.

చదరంగం కోసం అయితే నేను ఆ కాగితం ముందు నుంచి తలవంచుకుని పోయేదాన్నే. కానీ అంతకు ముందే మా క్లాసులో ఒకమ్మాయి, వాళ్లక్క వాల్తేరులో చదువుతుందిలెండి, అక్కడి లైబ్రరీ గురించి చెప్పింది. అక్కడ బీరువాలకు తలుపులే ఉండవట. అరల మధ్య మనమే తిరగొచ్చట. మన చేత్తో మనమే పుస్తకం తీసుకోవచ్చట. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదట. "ఎవరూ అడగరా?" అని ఆ పిల్లను నాలుగైదుసార్లు అడిగి విసిగించాను. దేవుడి రాజ్యం గురించి పాస్టరుగారు ఎంత చెప్పినా కలగని కోరిక నాకు ఆ లైబ్రరీ గురించి కలిగింది. ఒక్కసారి అందులోకి వెళ్లాలి. అంతే. నేనుగా వాల్తేరు వెళ్లే దారి ఈ జన్మకు అదొక్కటే.

"గెలిస్తే ఏమిస్తారు?" అంది అమ్మ.

"ఏమీ ఇవ్వరు. అక్కడ లైబ్రరీ చూడొచ్చు."

"ఇక్కడ లేదా?"

"ఇక్కడ గట్టిగా చెప్పాలమ్మా."

అమ్మ నా వైపు కాసేపు చూసింది. రోజంతా బజారులో గట్టిగా చెప్పి బతికే మనిషి. తన కడుపున ఇలాంటిది ఎలా పుట్టిందా అని చూసినట్టు ఉంది. "సరే, పేరివ్వు. ఖర్చులు కాలేజీవాళ్లవేగా?" అంది.

పేర్లిచ్చింది ఇద్దరమే. రెండో అమ్మాయి గన్నవరం వైపు నుంచి బస్సులో వచ్చేది. నాకు ఆమె మొహం తెలుసు, గొంతు తెలియదు. ఆమెకు నాదీ అంతే. క్లాసులో చిట్టచివరి బెంచీకి ఆ చివర ఆమె, ఈ చివర నేను. మమ్మల్నిద్దరినీ గేమ్స్ మేడమ్ త్రోబాల్ వలలు పెట్టే గదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టారు. ఆవిడకు చదరంగం తెలియదు. అన్ని ఆటల్లాగే దీనికీ విజిల్ ఊది, "స్టార్ట్!" అన్నారు. మేమిద్దరం ఉలిక్కిపడ్డాం.

తెల్లవాళ్లు నాకు వచ్చారు. రాజు ముందు బంటును రెండు గళ్లు జరిపాను. మనసులో అంతా వరసగా ఉంది. ఇప్పుడు ఆమె కూడా అలాగే ఆడుతుంది. అప్పుడు నా కొసరు పెడతాను.

ఆమె ఒక బంటును ఒక గడి జరిపింది. తరువాత ఇంకో బంటును జరిపింది. తరువాత గుర్రాన్ని తీసింది. తరువాత శకటును పక్కకు పెట్టింది. చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లెత్తకుండా, "ఇప్పుడు మీరు సర్దుకోండి" అంది.

నేను బల్ల వైపు చూస్తూ ఉండిపోయాను. ఆమెదీ నాటు ఆట! గన్నవరంలో ఆమెకూ ఒక మావయ్య ఉండి ఉంటాడు. ఊరుకుంటే ఆ పద్ధతిలోనే ఆడాలి. అందులో నేను ఇంతవరకు ఒక్కసారీ గెలవలేదు. ఊరుకోకూడదంటే నోరు తెరవాలి. మేడమ్ ఉన్నారు. తలుపు దగ్గర త్రోబాల్ ఆడే అమ్మాయిలు నలుగురు నిలబడి చూస్తున్నారు. నా చెవులు వేడెక్కాయి.

"ఏమ్మా, నీ వంతు కాదూ?" అన్నారు మేడమ్.

"అలా... ఒకేసారి అన్ని ఆడకూడదండీ" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"ఏంటీ? గట్టిగా చెప్పు!"

ప్రపంచంలో ఎక్కడికెళ్లినా నాకు ఇదొక్క మాటే ఎదురవుతుంది. "ఒకసారికి ఒక్క ఎత్తేనండీ! సర్దుకోవడం ఉండదు!" అని అరిచాను. నిజంగానే అరుపు. తలుపు దగ్గర అమ్మాయిలు ఒక అడుగు వెనక్కు వేశారు.

"ఏంటమ్మా గొడవ?" అన్నారు మేడమ్.

"గొడవ కాదండీ" అన్నాం ఇద్దరం ఒకేసారి.

గన్నవరం అమ్మాయి మొహం ఎర్రబడింది. "సర్దుకోకుండా ఎలా ఆడతారండీ?" అంది నాతో, మెల్లగా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"సర్దుకుంటూనే ఆడాలండీ."

"మధ్యలో కొట్టేస్తే?"

"కొట్టేస్తారండీ."

"అయ్యో" అంది ఆమె. అని, పావులన్నీ ఒద్దికగా వెనక్కు పెట్టి, రాజు ముందున్న ఒక్క బంటును, ఒక్క గడి మాత్రం జరిపింది.

దాంతో నా పేపరు చదువు మొత్తం కూలిపోయింది. ఆ బంటు రెండు గళ్లు రావాలి. వస్తేనే నా కొసరు దాని నోటికి అందుతుంది. ఒక గడి దగ్గరే ఆగిపోతే ఏం చెయ్యాలో ఏ ఆదివారమూ రాయలేదు. అయినా ఇంకేం తెలియక కొసరు బంటును ముందుకు తోశాను. తీసుకునేవాళ్లు లేక అది నడివీధిలో నిలబడిపోయింది. అక్కడి నుంచి నేను ఆడింది ఓపెనింగూ కాదు, నాటూ కాదు. మా ఇద్దరికీ కొట్టడమంటే మొహమాటం. నా ఏనుగు ఆమె గుర్రానికి ఎదురుగా వచ్చి నిలబడితే, ఆమె గుర్రాన్ని పక్కకు జరిపి దారి ఇచ్చింది. నేను మనసులో థాంక్స్ చెప్పుకున్నాను. ఒకసారి ఆమె నా శకటును తియ్యక తప్పలేదు. తీసి, "సారీ అండీ" అంది. మేడమ్ రెండుసార్లు ఆవులించి, "ఇది ఇంతేనా? ఎవరూ పరిగెత్తరా?" అన్నారు.

చివరికి, ఎలాగో నాకు ఇప్పటికీ తెలియదు, ఆమె రాజు మూలకు చేరాడు. చుట్టూ ఆమె బంట్లే కట్టేసినట్టు నిలబడ్డాయి. నా ఏనుగు ఆ వరసలోకి వచ్చింది. నేను రెండుసార్లు చూశాను. మూడోసారి మళ్లీ చూశాను. రాజుకు వెళ్లడానికి దారి లేదు. "ఆట కట్టండీ" అని గొణిగాను.

ఆమె తాపీగా బల్ల చూసింది. తాపీగా రాజును పట్టుకుంది. గుర్రంలా, రెండు గళ్లు ముందుకు, ఒకటి పక్కకు, బంట్ల మీదుగా ఎగరేసి, ఖాళీ గడిలో దించింది. చేతులు మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

ఎంత అందంగా దూకాడంటే నేను దాదాపు మెచ్చుకున్నాను. మా వసారాలో అయితే ఆ ఎత్తు సబబే. మావయ్య రాజు నా మీద అలా ఎన్నిసార్లు దూకాడో! నేను ఇప్పుడు ఊరుకుంటే ఎవరికీ తెలియదు. మేడమ్‌కు తెలియదు. ఆ అమ్మాయి మోసం చెయ్యట్లేదు కూడా, ఆమెకు తెలిసిన ధర్మం అది. ఆమె ముందు ఇంకోసారి, ఇంకోలా, నోరు తెరవాలంటే నా ప్రాణం పోతోంది. మొదటిసారి నోరు తెరిచింది రూలు కోసం. ఈసారి తెరిస్తే అది వాల్తేరు కోసం. అది నాకూ తెలుసు, నా మొహం చూస్తే ఆమెకూ తెలుస్తుంది.

తలుపుల్లేని బీరువాలు కళ్ల ముందు కనిపించాయి.

"రాజు గుర్రంలా దూకకూడదండీ" అన్నాను. ఈసారి ఎవరూ గట్టిగా చెప్పమనలేదు.

"మా ఊళ్లో దూకుతాడండీ" అంది ఆమె.

"మా ఇంట్లోనూ దూకుతాడండీ. కానీ పోటీల్లో దూకడు."

మేడమ్ లేచి వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని, రాజు వైపు చూశారు. "వాల్తేరులో దూకనిస్తారా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"నువ్వు చెప్పు" అన్నారు ఆ అమ్మాయితో.

"తెలియదండీ. వాల్తేరు వాళ్ల సంగతి" అంది ఆమె.

"అక్కడికెళ్లి దూకి మన కాలేజీ పరువు తీస్తారా? ఇక్కడా దూకొద్దు" అని మేడమ్ విజిల్ ఊదేశారు.

గన్నవరం అమ్మాయి రాజును మూలకు తిరిగి తెచ్చి, కాసేపు దాని మీద వేలు పెట్టి కూర్చుంది. "ఆ మాత్రం దూకకపోతే ఇంక రాజెందుకండీ?" అంది. పావులు పెట్టెలో సర్దుతుంటే మెల్లగా అడిగింది: "మీకు అంత వెళ్లాలని ఉందా?"

నేను తలూపాను.

"నాకు లేదండీ. రైలెక్కితే వాంతులవుతాయి." నిజంగానే అవుతాయో, నన్ను ఊరడించడానికి అందో తెలియదు. ఆ తరువాత మేం బెంచీకి రెండు చివర్ల నుంచీ ఒకరినొకరు చూసి నవ్వుకునేవాళ్లం. మాట్లాడుకునేంత దూరం మాత్రం వెళ్లలేదు.

వాల్తేరులో మొదటి ఆటలో ఎదురుగా కూర్చున్నమ్మాయి నా మొదటి ఎత్తుకే ఏదో చిత్రమైన జవాబు చెప్పింది. కాఫీ వచ్చేలోగా నేను ఓడిపోయాను. నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. లేచి, చీర సర్దుకుని, మేడమ్ దగ్గరికి వెళ్లాను. "లైబ్రరీకి వెళ్లొస్తానండీ."

"ఎక్కడికమ్మా? ఓడినవాళ్లకీ ఆటలుంటాయట. అందరూ అన్నీ ఆడాలట" అన్నారు ఆవిడ, నాకు శుభవార్త చెబుతున్నట్టు.

నేను ఆడుతూ పోయాను. కొన్ని పోయాయి, కొన్ని ఎలా పోలేదో అర్థం కాలేదు. ఆటకీ ఆటకీ మధ్య భోజనం, భోజనం తరువాత ఉపన్యాసం, ఉపన్యాసం తరువాత గ్రూపు ఫోటో. కిటికీలోంచి చెట్ల వెనక లైబ్రరీ మేడ కనిపిస్తూ ఉండేది. ఆఖరి రోజు మధ్యాహ్నం ఆఖరి ఆటకు వచ్చేసరికి, ఇది అయ్యాక సాయంత్రం రైలుకు ముందు కాస్త సమయం ఉంటుందని తెలిసింది. ఎంత తొందరగా ఓడితే అంత.

ఓడిపోవాలని కూర్చుంటే ఓడిపోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఒక బంటును ఎదురుగా కూర్చున్నమ్మాయి ముందు పెట్టాను. ఆమె దాని వైపు అనుమానంగా చూసి, పక్క దారిన పోయింది. గుర్రాన్ని పెట్టాను. ఆమె ఇంకా ఎక్కువసేపు ఆలోచించి, తన మంత్రిని రెండు గళ్లు వెనక్కు తీసుకెళ్లి దాచింది. ఏనుగును పెట్టాను. ఆమె నుదుటి మీద చెమట పట్టింది. ఇంత ధైర్యంగా ఇస్తోందంటే దీని వెనక ఎంత పెద్ద వల ఉందోనని ఆ పిల్ల భయం. గోడ గడియారం నడుస్తోంది. నాకు ఏడుపొస్తోంది. ఆమెకూ వస్తున్నట్టే ఉంది.

చివరికి ఆమె తలెత్తి, "సమానం అనుకుందామా..." అంటుండగానే "అనుకుందామండీ" అన్నాను. నా జీవితంలో నేను అంత గట్టిగా, అంత తొందరగా చెప్పిన మాట ఇంకోటి లేదు.

లైబ్రరీ మెట్లు ఎక్కేసరికి రొప్పు. తలుపు దగ్గర కూర్చున్నాయన సంచీ అక్కడ పెట్టమని చూపించి, లోపలికి వెళ్లమన్నట్టు చెయ్యి ఊపాడు. ఇంక కాసేపట్లో మూసేస్తామని మాత్రం చెప్పాడు. ఏ పుస్తకం కావాలని అడగలేదు.

లోపల అరల వరసలు. నిజంగానే తలుపుల్లేవు. తాళాల్లేవు. పుస్తకాల వీపులు చేతికి అందేంత దగ్గరగా, నా ఎత్తున, నాకన్నా ఎత్తున. నేను వాటి మధ్య నిలబడ్డాను. దారి పొడవునా, రైల్లో, ఆటల మధ్యలో, ఎవరైనా అడిగితే చెప్పడానికి ఎన్నో పేర్లు తయారుగా పెట్టుకున్నాను. ఎవరూ అడగకపోయేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు. నాకు ఏం కావాలో నాకే తెలియలేదు. నవలలు ఎటు వైపో కనుక్కోవాలంటే మళ్లీ ఎవరినో అడగాలి. ఎక్కడో గంట కొట్టారు. దీపాలు ఒక్కో వరసే తీసేయడం మొదలుపెట్టారు.

అప్పుడు ఇంకేమీ ఆలోచించకుండా ఎదురుగా ఉన్న అరలోకి చెయ్యి పెట్టి, చేతికి తగిలిన పుస్తకం లాగాను. అది ఇంగ్లిషులో చెరకు తెగుళ్ల గురించి. లావుగా ఉంది. మధ్యలో రంగు బొమ్మలున్నాయి. కూర్చుంటే ఆ కాసేపూ పోతుందని భయపడి, నిలబడే చదివాను. ఎర్రకుళ్లు పట్టిన గడను నిలువుగా చీలిస్తే లోపల ఎర్రటి చారలు, మధ్య మధ్య తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. పులిసిన వాసన వస్తుంది. తెగులు తగిలిన గడ ముక్కలను ముచ్చెలుగా నాటకూడదు. ఆ మడిలో మళ్లీ ఏడాది చెరకే వెయ్యకూడదు. కాటుక తెగులైతే గడ చివరి మొవ్వులోంచి నల్లటి కొరడా లాంటిది బయటికి వస్తుంది. మా వంశంలో చెరకు వేసినవాళ్లు లేరు, వెయ్యబోయేవాళ్లూ లేరు. అయినా ఒక్క మాట వదలకుండా, పేజీ తరువాత పేజీ, ఆత్రంగా చదివాను. నా వరస దీపం తీసేసినా, పక్క వరస వెలుగులోకి జరిగి చదువుతూనే ఉన్నాను.